రెండవ సిల్వెస్టరు పోపు: గెర్బెర్టు పండితుని జీవితము, విద్యాసేవ

భారతదేశమున పుట్టిన నవాంకములు ఐరోపా ఖండమునకు చేరిన మార్గమును వివరించు చరిత్రకారులు ఒక క్రైస్తవ సన్న్యాసి పేరును తప్పక పేర్కొందురు. అతడు గెర్బెర్టు. క్రీ.శ. 999 ఏప్రిల్ నెలలో రెండవ సిల్వెస్టరు అను నామముతో రోమునందలి పోపు పీఠమును అధిష్ఠించి, 1003 మే 12వ తేదీన మరణించువరకు ఆ పదవియందుండెను. నాలుగేండ్ల ఆ పదవికంటె అంతకుముందు ముప్పది యేండ్లపాటు అతడు సాగించిన అధ్యయనాధ్యాపనములే గణనీయములు. అయినను మరణించి నూరేండ్లు గడవకముందే లోకము అతనిని మాంత్రికుడని, పిశాచముతో ఒడంబడిక చేసికొన్నవాడని చెప్పుకొనసాగెను. పండితుడొకడు మాంత్రికుడుగా ఎట్లు మారెనో తెలియవలెనన్న అతని విద్యాభ్యాసము మొదలుకొని పరిశీలింపవలసియున్నది.

గెర్బెర్టు ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున, ఒవెర్న్ అను కొండసీమలో, 945–950 సంవత్సరముల మధ్య జన్మించెను. తల్లిదండ్రులు సామాన్యులు. వంశప్రతిష్ఠ లేనివానికి ఆనాడు చదువునకు మఠమొక్కటే ఆశ్రయము. బాల్యముననే ఓరియాక్ పట్టణమందలి సెయింట్ జెరాల్డు మఠమున చేరి, రేమండు అను గురువు సన్నిధిని లాటిను వ్యాకరణమును అభ్యసించెను. ఉన్నత పదవులను పొందిన పిదపను గెర్బెర్టు ఈ గురువును మరువలేదు. తనయందు విద్య ఏమాత్రమున్నను దైవము తరువాత ఆ ఋణము రేమండునకే చెల్లునని అతడు లేఖలలో వ్రాసికొనెను.

967లో బార్సిలోనా ప్రభువైన బోరెల్ ఆ మఠమునకు వచ్చెను. స్పెయినులో శాస్త్రజ్ఞులున్నారా అని మఠాధిపతి అడిగెను, ఉన్నారని ప్రభువు చెప్పెను. అంతట మఠవాసులందరు ఏకాభిప్రాయముతో గెర్బెర్టును ఆయన వెంట పంపిరి. విక్ నగర బిషప్పైన ఆటో సన్నిధిని మూడేండ్లు గణితమభ్యసించెను. ఆ ప్రాంతము క్రైస్తవ రాజ్యములకును కార్డొవా ఖలీఫాల రాజ్యమునకును సరిహద్దు. కార్డొవాను నాడు రెండవ హకము పాలించుచుండెను. గ్రంథసంచయముపై ఆయనకుగల ప్రీతి సుప్రసిద్ధము. సరిహద్దుసీమలోని మఠములకు, ముఖ్యముగా రిపోల్ మఠమునకు, అరబ్బీ మూలములనుండి వచ్చిన జ్యామితి, ఖగోళయంత్ర విషయములు కొంతకొంతగా చేరుచుండెను. గెర్బెర్టు కార్డొవాకే పోయి మహమ్మదీయ గురువులవద్ద చదివెనని అడెమారు అను చరిత్రకారుడు వ్రాసెను. గెర్బెర్టు శిష్యుడైన రిచెరు మాత్రము అట్టిదేదియు చెప్పలేదు. శిష్యుని మాటయే ఇచ్చట ప్రమాణముగా గ్రహింపదగినది. విక్, రిపోల్ ప్రాంతములలో లభించు విద్య ఆ యువకుని తరువాతి పాండిత్యమునకు చాలియుండును.

అంకెల ప్రస్థానమును ఇచ్చట కొంత స్మరింపవలెను. స్థానమునుబట్టి విలువ పదింతలగు పద్ధతి ఆర్యభటునకు తెలిసినదే. బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున శూన్యముతో చేయు గణనమునకు నియమములు చెప్పెను. 662లో సిరియా దేశపు బిషప్పు సెవెరస్ సెబోఖ్తు, విద్యలన్నియు గ్రీకుల సొత్తేయని గర్వించువారికి సమాధానమిచ్చుచు, తొమ్మిది గుర్తులతో లెక్కించు హిందువుల నేర్పును కొనియాడెను. ఎనిమిదవ శతాబ్దిలో మన సిద్ధాంతగ్రంథములు బాగ్దాదు చేరెను. తరువాతి శతాబ్దిలో అల్ ఖ్వారిజ్మీ హిందూ గణనపద్ధతిపై గ్రంథము రచించెను. స్పెయినులోని అల్బెల్డా మఠమున 976లో ముగిసిన ఒక వ్రాతప్రతియందు తొమ్మిది అంకెల రూపములు కానవచ్చుచున్నవి. పశ్చిమ ఐరోపాలో నేటికి తెలిసిన వానిలో ఇవియే ప్రాచీనములు. ఆ లేఖకుడు వానిని భారతీయుల సూక్ష్మబుద్ధికి ఫలముగా పేర్కొనుట గమనింపదగినది. గెర్బెర్టు స్పెయిను విడిచి వచ్చిన కొలది యేండ్లకే ఆ ప్రతి సిద్ధమైనది.

970 ప్రాంతమున బోరెల్, ఆటోలతో అతడు రోము నగరమునకు పోయెను. ఖగోళశాస్త్రమును, సంగీతశాస్త్రమును ఇటలీవారు మరచియుండుటచేత ఆనాటి పోపు పదమూడవ జాన్ ఈ యువకుని చూచి ఆశ్చర్యపడి, ఒటో చక్రవర్తికి తెలియజేసెను. చక్రవర్తి అడుగగా గెర్బెర్టు తనకు గణితము చాలినంత వచ్చునని, తర్కమును నేర్వగోరుచున్నానని విన్నవించెను. రాజాశ్రయము చేతికందినపుడు కొలువును కోరక గురువును కోరినవాడు! ఆ సమయమున రీమ్సు నగరపు తార్కికుడు గెరాన్నసు ఆస్థానమునకు వచ్చియుండెను. చక్రవర్తి అనుమతితో 972లో గెర్బెర్టు ఆయన వెంట రీమ్సు చేరెను. ఇరువురును ఒకరికొకరు గురుశిష్యులైరి. గెర్బెర్టు తర్కమును సాధించెను. గెరాన్నసు గణితములో కొంత సాగి, సంగీతశాస్త్రపు కష్టమునకు వెరచి విడిచిపెట్టెను.

రీమ్సు ఆర్చిబిషప్పు అడాల్బెరో ఇతనిని విద్యాలయమునకు అధిపతిగా నియమించెను. ఆ బోధనక్రమమును రిచెరు తన చరిత్రగ్రంథమున సవిస్తరముగా వర్ణించెను. మొదట తర్కము. మనకు తర్కసంగ్రహమెట్టిదో పాశ్చాత్యులకు పోర్ఫిరీ రచించిన ప్రవేశగ్రంథమట్టిది. దాని తరువాత అరిస్టాటిలు పదార్థనిరూపణము, వాక్యార్థనిరూపణము, పిమ్మట సిసెరో, బోయెథియసుల గ్రంథములు. అలంకార వక్తృత్వశాస్త్రములను చెప్పుటకు ముందు వర్జిలు, టెరెన్సు, హొరేసు, జువెనాలు మొదలగు కవులను చదివించెడివాడు. కవుల వాగ్రీతులు తెలియనివానికి వక్తృత్వము పట్టువడదని అతని మతము. కావ్యములు చదివిన పిదపనే అలంకారశాస్త్రమును ఆరంభించు మన పాఠశాలల సంప్రదాయమును ఇది స్ఫురింపజేయును. ఆ తరువాత శిష్యులను వాదమునందు నిష్ణాతులగు వేరొక అధ్యాపకునికి అప్పగించెడివాడు.

గణితవిద్యలు నాలుగింటియందు ఇతని బోధన నూతనమైనది. ఏకతంత్రీ వాద్యముపై స్వరముల అంతరములను కొలిచి చూపెను. ఖగోళబోధనకు కొయ్యతో గోళమును చేయించి నక్షత్రముల ఉదయాస్తమయములను వివరించెను. వలయములతో కూడిన మరియొక గోళయంత్రమున గ్రహగతులను చూపెను. ఇంకొక గోళమునకు నాళికను అమర్చి, ధ్రువనక్షత్రమును దానిగుండ చూచి యంత్రమును స్థిరపరచినచో తక్కిన నక్షత్రములను గురువు లేకయే గుర్తింపవచ్చునని చెప్పెను. రిచెరు ఈ యంత్రములను వర్ణించిన తీరునుబట్టి అతడు వానిని స్వయముగా చూచి నేర్చిన శిష్యుడని స్పష్టమగుచున్నది.

వీనియన్నిటిలో ముఖ్యమైనది గణనఫలకము. డాళ్లు చేయు పనివానిచేత ఒక ఫలకమును చేయించి, దానిని 27 నిలువు గడులుగా విభజించెను. తొమ్మిది అంకెలను చెక్కిన కొమ్ముబిళ్ళలను వేయింటిని సిద్ధపరచెను. కుడినుండి ఎడమకు ఏకము, దశకము, శతము, సహస్రము అను క్రమమున గడులు సాగును. 5006 అను సంఖ్యను చూపవలెనన్న సహస్రస్థానపు గడిలో అయిదు గుర్తుగల బిళ్ళను, ఏకస్థానమున ఆరు గుర్తుగల బిళ్ళను ఉంచిన చాలును. నడిమి గడులు రెండును ఖాళీగా ఉండును. రోమను అక్షరసంఖ్యలతో గుణకార భాగహారములు చేయలేక తల్లడిల్లుచున్న వారికి ఇది ఎంత సౌకర్యమో వేరుగ చెప్పనక్కరలేదు. మాటలలో చెప్పుటకు పట్టు కాలముకంటె త్వరగా సంఖ్యలను గుణించి చూపెడివాడని శిష్యుడు వ్రాసెను. ఫ్లూరీ మఠవాసియైన కాన్‌స్టంటైను కోరగా, ఏ స్థానమును ఏ స్థానముతో గుణించిన ఫలము ఏ గడిలో పడునో చెప్పు నియమములను లేఖారూపమున రచించి పంపెను.

ఇందొక విశేషమున్నది. ఖాళీ గడియే శూన్యస్థానమును సూచించుటచేత శూన్యమునకు గుర్తు అవసరము కాలేదు. కనుక ఫలకమును తొలగించినచో ఆ అంకెలతో లెక్క సాగదు. అంకెలు వచ్చినవి కాని వ్రాతగణితము రాలేదు. అది పరిపూర్ణముగా ఐరోపాకు పరిచితమగుటకు పీసా నగరవాసియైన లియొనార్డో 1202లో రచించిన గ్రంథమువరకు వేచియుండవలసివచ్చెను. గెర్బెర్టు సంప్రదాయమునకు చెందిన తరువాతి ప్రతులలో ఈ అంకెలకు వింతనామములు కలవు. నాలుగునకు అర్బాస్, ఎనిమిదికి తెమెనియాస్ అని పేర్లు. ఇవి అరబ్బీలోని అర్బా, తమానియా శబ్దముల వికృతులనుట స్పష్టము. గెర్బెర్టే అంకెలను మొదట తెచ్చెననుట అతిశయోక్తి. పైరెనీస్ పర్వతములకు ఉత్తరమున వానిని విద్యాలయపాఠములలో చేర్చి శిష్యపరంపరద్వారా వ్యాపింపజేసినవాడనుట యథార్థము.

రీమ్సు కీర్తి జర్మనీకి పాకెను. మాగ్డెబర్గు విద్యాలయపు అధిపతియైన ఓట్రికు అసూయతోనో జిజ్ఞాసతోనో ఒక శిష్యుని రహస్యముగా రీమ్సుకు పంపి, గెర్బెర్టు శాస్త్రములను విభజించు పట్టికను తెప్పించెను. ఆ శిష్యుడు పట్టికను తారుమారు చేసికొనిపోయెను. గణితము, భౌతికము సమానస్థానములందలి శాస్త్రములని గెర్బెర్టు చెప్పగా, భౌతికమును గణితమున అంతర్భావము చేసినట్లు అతడు నివేదించెను. ఓట్రికు ఆ దోషమును రెండవ ఒటో చక్రవర్తి సమక్షమున ప్రకటించెను. 980వ సంవత్సరాంతమున అడాల్బెరోతో గెర్బెర్టు ఇటలీకి రాగా, చక్రవర్తి వారిని నావపై రవెన్నా నగరమునకు తోడ్కొనిపోయి, అచ్చట విద్వత్సభను కూర్చెను. పట్టికను చూచిన గెర్బెర్టు అందు కొంత తనదని, కొంత తనది కాదని చెప్పి, తత్త్వశాస్త్రపు సిద్ధాంతభాగము భౌతికము, గణితము, దైవశాస్త్రము అని మూడు విధములని, మూడును సమకక్ష్యలోనివేయని నిరూపించెను. వాదము అంతటితో ఆగలేదు. ప్రపంచసృష్టికి కారణమేమి, నీడకు కారణమును ఒక్క పదముతో చెప్పవచ్చునా, మర్త్యత్వము వ్యాపకమా బుద్ధిమత్త్వము వ్యాపకమా అను ప్రశ్నలవరకు సాగెను. చివరి ప్రశ్న వ్యాప్యవ్యాపక విచారమే కనుక మన నైయాయికులకు క్రొత్తది కాదు. ఇంచుమించు దినమంతయు గడచి సభికులు అలసియుండుట చూచి చక్రవర్తి సంజ్ఞచేసి వాదమును ముగించెను. గెర్బెర్టు సత్కారములందుకొని మరలెను.

రెండేండ్ల తరువాత ఆ చక్రవర్తియే ఇతనిని ఇటలీలోని బోబియో మఠమునకు అధిపతిగా నియమించెను. 614లో ఐర్లండు సన్న్యాసి కొలంబానసు స్థాపించిన ఈ మఠము గ్రంథసంపదకు ప్రసిద్ధము. అయితే మఠభూములు అంతకుముందే స్థానిక ప్రభువుల కౌళ్ల పాలైయుండెను. కొఠారులు ఖాళీ, సన్న్యాసులకు అన్నవస్త్రములు కరవు. గెర్బెర్టు ఆస్తులను రాబట్టబోయి శత్రువులను సంపాదించుకొనెను. 983 డిసెంబరు 7న చక్రవర్తి మరణింపగానే అండ తొలగి, మరుసటి యేడు అతడు రీమ్సు చేరుకొనెను. గణితవేత్తకు లౌకికపు లెక్కలు కుదరకపోవుట ఇది మొదటిసారి.

అతని లేఖలు రెండువందలకు పైగా లభ్యములు. వానిలో గ్రంథముల కొరకు పడిన ఆరాటము మిక్కిలి హృద్యము. 984లో బార్సిలోనా వాసియైన లుపిటసునకు వ్రాసి, ఆయన అనువదించిన జ్యోతిషగ్రంథమును పంపవలసినదని కోరెను. గిరోనా బిషప్పును గుణకార భాగహారములపై జోసెఫు అను స్పెయిను పండితుడు రచించిన గ్రంథమునకై అర్థించెను. ట్రియర్ నగరపు రెమి అను సన్న్యాసి ఖగోళగోళమును కోరగా, స్టాటియసు కవి రచించిన అకిలీసు కావ్యపు ప్రతిని వ్రాసి పంపినచో గోళమును ఇత్తునని బేరము పెట్టెను. టూర్స్ మఠాధిపతికి వ్రాయుచు ఇటలీ, జర్మనీ దేశములలో లేఖకులకు ద్రవ్యమిచ్చి ప్రతులు వ్రాయించుచున్నానని, ఆ మఠమునందలి ప్రతులను కూడ వ్రాయించి పంపవలెనని వేడెను. తాళపత్రప్రతి కొరకు ఊరూర తిరిగిన పండితులకు ఈ లేఖలు పరిచితములుగా తోచును.

కొన్ని లేఖలలోను, తరువాత పోపుగా ఇచ్చిన శాసనములలోను అతడు ఒక సంకేతలిపిని వాడెను. అందు గుర్తులు ఏకవర్ణములకు గాక సంయుక్తమైన ధ్వనులకు, అనగా మన అక్షరములవంటివానికి, నియమితములు. 1887లో జూలియన్ హావే అను ఫ్రెంచి పండితుడు దానిని ఛేదించెను.

రాజకీయములయందు గెర్బెర్టు చరిత్ర అంత నిర్మలమని చెప్పజాలము. 987లో రాజు నిస్సంతుగా మరణించి ఫ్రాన్సు సింహాసనము ఖాళీయైనపుడు, హ్యూ కాపెట్ రాజగుటకు అడాల్బెరో, గెర్బెర్టులు తోడ్పడిరి. 989లో అడాల్బెరో మరణించినపుడు ఆ పీఠము తనకే దక్కునని గెర్బెర్టు ఆశించెను. రాజు పూర్వరాజవంశీయుడైన ఆర్నుల్ఫును నియమించెను. ఆర్నుల్ఫు నగరద్వారములను శత్రువులకు తెరిపించెను. గెర్బెర్టు కొంతకాలము ఆర్నుల్ఫు పక్షముననే యుండి, పిదప రాజపక్షమునకు మరలెను. 991 జూన్‌లో వెర్జీ గ్రామమందలి సెయింట్ బాల్ మఠమున జరిగిన ధర్మసభ ఆర్నుల్ఫును పదవీచ్యుతుని చేయగా, గెర్బెర్టు ఆర్చిబిషప్పయ్యెను. రోము దీనిని అంగీకరింపలేదు. పోపు ప్రతినిధియైన లియో, సెయింట్ పీటరు వారసులకు ప్లేటోగాని వర్జిలుగాని గురువులు కానక్కరలేదని వ్రాసి, రోము మతాచార్యులను విద్యాహీనులన్న ఆక్షేపమును త్రోసిపుచ్చెను. గెర్బెర్టుకు తోడుండవలసిన సేవకులు, మతాచార్యులే అతనితో భుజించుట మానిరి, అతడు చేయు పూజకు రాక తొలగిరి. ఆ వెలివేతను అతడు రాణి అడిలైడుకు వ్రాసిన లేఖలో చెప్పుకొనెను.

ఆ దశలో అతనిని ఆదుకొన్నవాడు మూడవ ఒటో. 980లో జన్మించిన ఈ యువచక్రవర్తి 997లో గెర్బెర్టును గురువుగా ఆహ్వానించుచు, తనలోని సాక్సను మొరటుదనమును పోగొట్టి అంకగణితమును నేర్పవలసినదని కోరెను. ఇంతవరకు తాను పద్యము చెప్పియెరుగనని, నేర్చినచో ఫ్రాన్సులో ఎందరు జనులున్నారో అన్ని పద్యములు పంపుదునని కూడ చమత్కరించెను. రవెన్నా వాదమందలి వ్యాప్యవ్యాపక ప్రశ్నపై గెర్బెర్టు ఆ శిష్యుని కొరకు ఒక చిన్న తర్కగ్రంథమును రచించెను. 998లో రవెన్నా ఆర్చిబిషప్పు, 999లో పోపు. రీమ్సు, రవెన్నా, రోము అను మూడు నగరముల పేర్లు ఒకే అక్షరముతో ఆరంభమగుటచేత అతని ఉన్నతిపై ఒక అనుప్రాస పద్యమును జనులు చెప్పుకొనిరి. ఫ్రెంచి దేశీయులలో పోపు పదవిని పొందినవాడితడే ప్రథముడు.

ప్రాచీన కాన్‌స్టంటైను చక్రవర్తికి మొదటి సిల్వెస్టరు ఎట్లో ఒటోకు తానట్లనుట ఆ నామగ్రహణపు భావము. అయినను ఆ పురాతన సిల్వెస్టరునకు కాన్‌స్టంటైను పశ్చిమరాజ్యమును ధారపోసినట్లు చెప్పు దానపత్రము కూటశాసనమని 1001లో ఒటో ఇచ్చిన శాసనముననే ప్రకటింపబడుట విచిత్రము. దానిని నిరాకరించి, ఎనిమిది మండలములను స్వేచ్ఛగా తానే ఇచ్చుచున్నట్లు చక్రవర్తి చెప్పించెను. 1440లో లొరెంజో వల్లా ఆ పత్రపు లాటిను భాష కాన్‌స్టంటైను కాలమునకు పొసగదని చూపి అది కూటమని శబ్దప్రమాణముతో నిరూపించువరకు తక్కినవారు దానిని నమ్ముచునే యుండిరి.

పోపుగా అతడు చేసిన మొదటి పనులలో ఒకటి ఆర్నుల్ఫును రీమ్సు పీఠమున పునఃప్రతిష్ఠించుట. తాను ఎవని స్థానమున కూర్చుండెనో, ఎవని పతనమును సమర్థించుచు గ్రంథము రచించెనో, వానికే అధికారచిహ్నములను తిరిగి యిచ్చెను. రోము అధికారమును నిలుపుటకే అట్లు చేసెననువారు కలరు. ఏమైనను ఆ పత్రమును వ్రాయుట అతనికి సులభమై యుండదు. మతపదవుల విక్రయమును ఖండించెను. 1000లో పోలండునకు గ్నియెజ్నో ఆర్చిబిషప్పు పీఠము ఏర్పడెను. అదే కాలమున హంగరీకి చెందిన స్టీఫెను రాజకిరీటమును ధరించెను. దానిని సిల్వెస్టరే పంపెనని హంగరీవారి సంప్రదాయము. వేయవ సంవత్సరమున ప్రళయము వచ్చునని ఐరోపా అంతయు వణకెననునది తరువాతివారి కల్పన.

1001లో రోము ప్రజలు తిరుగబడగా చక్రవర్తియు పోపును నగరము విడిచిరి. 1002 జనవరిలో ఒటో ఇరువదియొకటవ యేట మరణించెను. సిల్వెస్టరు రోముకు తిరిగివచ్చి, క్రెసెంటి వంశీయుల చేతిక్రింద మరియొక సంవత్సరము మౌనముగా గడపి లాటెరన్ దేవాలయమున సమాధిని పొందెను.

పదకొండవ శతాబ్ది చివర పోపులకును చక్రవర్తులకును కలహము ప్రబలినపుడు, పోపు పక్షమును దూషింపదలచిన బెన్నో అను కార్డినలు ఇతనినుండియే రోమున క్షుద్రవిద్య ఆరంభమైనదని వ్రాసెను. 1125 ప్రాంతమున ఇంగ్లండువాడైన మామ్స్‌బరీ విలియము ఆ కథను పెంచెను. స్పెయినులో మహమ్మదీయ గురువు పుస్తకమును దొంగిలించెనని, ప్రశ్నకు అవునని కాదని బదులిచ్చు లోహశిరస్సును పోతపోసెనని, యెరూషలేములో తప్ప మరణము లేదని అది చెప్పగా, రోములోనే యెరూషలేమను పేరుగల దేవాలయమున పూజచేయుచు చావు సమీపించుట ఎరిగెనని, అవయవములను ముక్కలుగా ఛేదింపుమని ఆజ్ఞాపించెనని ఆ కథ. గడులలో బిళ్ళలు జరిపి క్షణములో లెక్క తేల్చువానిని, నాళికతో చుక్కలను చూచువానిని పామరులు అట్లు భావించుటలో వింతలేదు. చదువుకొన్నవారే ఆ కథలు వ్రాయుట వింత. విద్య పరమతస్థులనుండి వచ్చినదన్న సంశయమే వీనికి మూలము. 1648లో దేవాలయపు మరమ్మతులలో సమాధి తెరువగా దేహము అవయవలోపములేక కనబడి, గాలి సోకగానే పొడియైనదని నాటి కథనము.

ఇరువదవ శతాబ్దికి ముందే పండితులు ఈ అపవాదమును తొలగించిరి. రిచెరు స్వహస్తప్రతి 1833లో బాంబెర్గులో బయటపడెను. లేఖలను హావే 1889లో పరిష్కరించెను. గణితరచనలను రష్యా పండితుడైన బుబ్నోవు 1899లో ప్రకటించెను. ఇక మిగిలినది సమాధిని గూర్చిన గాథ. పోపులలో నెవరికైన మరణము ఆసన్నమైనపుడు సిల్వెస్టరు ఎముకలు ధ్వనించునని, రాయి చెమర్చునని రోమున చిరకాలము చెప్పుకొనిరి. నాలుగవ సెర్జియసు పోపు ఆ సమాధిపై చెక్కించిన పద్యశాసనమే దీనికి బీజము. ప్రభువు రానున్నవేళ తూర్యధ్వనికి ఈ స్థలము సిల్వెస్టరు అవయవములను అప్పగించునని ఆ పద్యమునకు ఋజువైన అన్వయము. అంత్యదినమున క్రీస్తు రాకయే అందు వివక్షితము. రానున్న ప్రభువనగా రాబోవు పోపు అనియు, ధ్వని ఎముకలదనియు అన్వయించుకొన్నవారు గాథను కల్పించిరి. ఆ శాసనఫలకము లాటెరన్ దేవాలయమున నేటికిని చదువుటకు వీలుగా ఉన్నది.